ఇంగ్లీషు వాక్యం, మైథిలీ వాక్యం: పక్కపక్కన పెట్టి పోల్చడం ఎలా?

చదువుకునే రోజుల్లో నా గదిలో బీహారులోని మధుబని నుంచి వచ్చిన స్నేహితుడు ఒకడు ఉండేవాడు. రోజూ రాత్రి ఇంటికి ఫోన్ చేసి మైథిలీలో మాట్లాడేవాడు. ఒకరోజు “అయలాహ్?” అని అడిగాడు. అవతలి నుంచి ఏదో జవాబు వచ్చింది. కాసేపాగి “ఆయల్?” అన్నాడు. పేర్లు లేవు, ‘ఆయన’, ‘వాడు’ లాంటి మాటలూ లేవు. ఫోన్ పెట్టేశాక అడిగితే చెప్పాడు: మొదటిది నాన్నగారు పొలం నుంచి వచ్చారా అని, రెండోది తమ్ముడు ట్యూషన్ నుంచి వచ్చాడా అని. ఇంగ్లీషులో రెండూ ‘హాజ్ హి కమ్?’ అయిపోతాయి. తెలుగులో మాత్రం ‘వచ్చారా?’, ‘వచ్చాడా?’ అంటే చాలు, ఎవరి గురించో ఇంట్లోవాళ్లకి అర్థమైపోతుంది.

ఈ మార్గదర్శికి మూలం ఆ రాత్రే. ఇంగ్లీషు వాక్యం మాటల వరుస మీద నిలబడుతుంది. మైథిలీ వాక్యం క్రియ చివర మీద నిలబడుతుంది. ఈ రెంటినీ పోల్చడానికి కూర్చునే తెలుగువాడి చేతిలో అప్పటికే ఒక మంచి కొలబద్ద ఉంది, అది తెలుగే. అందుకే కింది అడుగులన్నిటిలోనూ తెలుగును మూడో వరుసగా వాడతాను.

మైథిలీ గురించి నాలుగు మాటలు. బీహారులో దర్భంగా, మధుబని, సహర్సా, సుపౌల్ వైపు, నేపాల్‌లో జనక్‌పుర్ చుట్టుపక్కల మాట్లాడే భాష ఇది. మన దేశంలో 2011 జనగణన ప్రకారం సుమారు 1.36 కోట్ల మంది దీన్ని మాతృభాషగా చెప్పుకున్నారు. నేపాల్‌లో నేపాలీ తర్వాత ఎక్కువమంది మాతృభాష ఇదే. సాహిత్య అకాడమీ 1965లో గుర్తించింది, 2003 నాటి 92వ సవరణతో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో చేరింది. కవి విద్యాపతి పాటలు ఈ భాషలోవే. దీన్ని హిందీ మాండలికం అనుకుని మొదలుపెడితే పోలిక మొదటి పేజీలోనే దారి తప్పుతుంది. ఎలాగో నాలుగో అడుగులో చూపిస్తాను.

అడుగు 1: నోట్‌బుక్ సిద్ధం చేసుకోండి

ప్రతి వాక్యానికీ మూడు వరుసలు వదలండి. మొదటి వరుసలో వాక్యం ఉన్నదున్నట్టు రాయండి. రెండో వరుసలో ముక్క ముక్కకీ కింద దాని పని రాయండి. మూడో వరుసలో మామూలు తెలుగు. ఉదాహరణకి:

హమ్ భాత్ ఖాఇత్ ఛీ
నేను + అన్నం + తింటూ + ఉన్నాను
నేను అన్నం తింటాను

రెండో వరుసే అసలు పని. చాలామంది అది వదిలేసి అర్థం మాత్రం రాసుకుంటారు. అర్థాలు పక్కపక్కన పెడితే అన్ని భాషలూ ఒకలాగే కనిపిస్తాయి. ముక్కలు పక్కపక్కన పెడితేనే తేడా పట్టుబడుతుంది.

రాత సంగతి ఒకటి. మైథిలీకి తిరహుతా అనే సొంత లిపి ఉంది, కానీ ఇప్పుడు అచ్చులో ఎక్కువగా హిందీ రాసే దేవనాగరిలోనే వస్తుంది. ముక్కుతో పలికే అచ్చులు ఈ భాషలో బోలెడు. వాటిని తెలుగులో రాయడానికి మన అరసున్న చక్కగా సరిపోతుంది: అహాఁ (మీరు), తోఁ (నువ్వు), సఁ (నుంచి, తో). మనం ఎప్పుడో అటకెక్కించిన గుర్తుకి ఇక్కడ నిజమైన పని దొరికింది. ఇంకొకటి, రాతలో ‘అఛి’ (ఉంది) అని ఉన్నది నోట్లో ‘ఐఛ్’ లాగా వినిపిస్తుంది. చివరి ఇకారం హల్లును దాటి ముందుకు దూకుతుంది. ‘ఛథి’ (ఉన్నారు) కూడా అంతే, ‘ఛైథ్’ అంటారు. విన్నదీ చదివినదీ వేరు మాటలనుకుని రెండుసార్లు రాసుకోకండి.

అడుగు 2: మాటల వరుస మార్చి చూడండి

ఇంగ్లీషులో ‘రామ్ సా మోహన్’ అంటే చూసినవాడు రాముడు. పేర్లు అటూ ఇటూ చేసి ‘మోహన్ సా రామ్’ అంటే చూసినవాడు మోహన్ అయిపోతాడు. కర్త క్రియకి ముందు, కర్మ క్రియ తర్వాత అన్న స్థానమే అక్కడ విభక్తి పని చేస్తోంది.

మైథిలీలో అదే మాట ‘రామ్ మోహన్ కేఁ దేఖలకై’. వరుస మార్చి ‘మోహన్ కేఁ రామ్ దేఖలకై’ అన్నా చూసినవాడు రాముడే. ‘కేఁ’ మోహన్‌ని పట్టుకుని ఉంది, మన ‘ని’ లాగా. మామూలు వరుస కూడా మనదే: కర్త, కర్మ, చివర క్రియ.

ఇక్కడ ఇంకో పరీక్ష చేయండి. కర్మ స్థానంలో మనిషికి బదులు వస్తువు పెట్టండి. ‘హమ్ పోథీ పఢైత్ ఛీ’, నేను పుస్తకం చదువుతాను. ‘కేఁ’ మాయమైంది. తెలుగులోనూ ‘మోహన్‌ని చూశాను’ అంటాం గానీ ‘పుస్తకాన్ని చదువుతాను’ అని మామూలుగా అనం. ప్రాణమున్నదానికి గుర్తు తగిలించి, లేనిదాన్ని ఊరికే వదిలేసే ఈ అలవాటు ఇంగ్లీషులో లేదు.

అడుగు 3: పేరు వెనక వచ్చే ముక్కలు

ఇంగ్లీషు ముందు పెట్టే చిన్నమాటలు మైథిలీలో పేరు వెనక్కి వస్తాయి. ‘ఇన్ ద విలేజ్’ అంటే ‘గామ్ మే’, మన ‘ఊళ్లో’. ఇది తేలికే, త్వరగా దాటేయండి. ఆగవలసింది ‘సఁ’ దగ్గర. ‘పటనా సఁ’ అంటే పట్నా నుంచి. ‘కలమ్ సఁ’ అంటే కలంతో. ‘రామ్ మోహన్ సఁ పైఘ్ అఛి’ అంటే రాముడు మోహన్ కంటే పెద్దవాడు. ఇంగ్లీషులో మూడు వేర్వేరు మాటలు, తెలుగులో మూడు వేర్వేరు ముక్కలు, మైథిలీలో ఒక్క సఁ. నోట్‌బుక్‌లో దీనికొక పేజీ కేటాయించండి. ఒక ముక్కకి ఒక అర్థం అని పట్టిక వేసుకుంటే మోసపోతామని ఈ సఁ బాగా నేర్పుతుంది.

సంబంధం చెప్పే ‘క్’ పేరుకే అంటుకుంటుంది: రామక్ పోథీ, రాముడి పుస్తకం. వెళ్లే చోటుకి మాత్రం తరచుగా ఏ ముక్కా ఉండదు. ‘హమ్ దర్భంగా జాఇత్ ఛీ’ అంటే సరిపోతుంది, మనం ‘విజయవాడ వెళ్తున్నాను’ అన్నట్టే. ఇంగ్లీషుకి ‘టు’ లేకుండా కుదరదు.

ఇంగ్లీషు ‘ఏ’, ‘ద’లకి మైథిలీలో జంట వెతకకండి. దాని బదులు అంకె వెనక వచ్చే ‘టా’ని చూడండి: దూ టా పోథీ, రెండు పుస్తకాలు. మనుషుల్ని లెక్కపెడితే ‘దూ గోటే’ అంటారు. మనం రెండు, ఇద్దరు అని అంకెనే మారుస్తాం, వాళ్లు అంకె వెనక మాట మారుస్తారు. వస్తువుకీ మనిషికీ లెక్క వేరు అన్న పట్టింపు మాత్రం ఇద్దరికీ ఉంది. కథ మొదట్లో వచ్చే ‘ఏకటా రాజా ఛలాహ్’లోని ‘ఏకటా’ మన ‘అనగనగా ఒక రాజు’లోని ‘ఒక’ లాంటిది, ఇంగ్లీషు ‘ఏ’కి అదే అన్నిటికన్నా దగ్గర. బహువచనానికి ‘సభ’ చేరుస్తారు: నేనా అంటే పిల్లవాడు, నేనా సభ అంటే పిల్లలు. అయితే క్రియ మారదు, ఒక పిల్లవాడు వెళ్లినా పదిమంది వెళ్లినా ‘జాఇత్ అఛి’యే.

అడుగు 4: క్రియ చివర దగ్గర కూర్చోండి

మిగతా అడుగులన్నీ కలిపి ఒక సాయంత్రం ఇస్తే, దీనికి ఒక వారం ఇవ్వండి. ముందు ‘వెళ్లడం’ భూతకాలంలో రాయండి.

హమ్ గేలహుఁ: నేను వెళ్లాను
తోఁ గేలహ్: నువ్వు వెళ్లావు
అహాఁ గేలహుఁ: మీరు వెళ్లారు
ఓ గేల్: వాడు వెళ్లాడు, ఆ అమ్మాయి వెళ్లింది
ఓ గేలాహ్: ఆయన వెళ్లారు
ఓ గేలీహ్: ఆవిడ వెళ్లారు

ఇంగ్లీషులో ఈ ఆరింటికీ ఒకటే ‘వెంట్’. కర్త ఎవరో చెప్పే భారమంతా సర్వనామం మీద పడింది, అందుకే దాన్ని వదిలేయడం కుదరదు. మైథిలీలో భారం క్రియ మోస్తుంది కాబట్టి సర్వనామం హాయిగా జారిపోతుంది. ఒకచోట మాత్రం జాగ్రత్త: ‘నేను’కీ, గౌరవంగా అనే ‘మీరు’కీ చివర ఒకటే. హమ్ గేలహుఁ, అహాఁ గేలహుఁ. వర్తమానంలోనూ హమ్ ఛీ, అహాఁ ఛీ. సందర్భం చూసి తేల్చుకోవాలి.

ఇప్పుడు లింగం సంగతి. ‘ఓ’ అంటే వాడైనా కావచ్చు, ఆమైనా కావచ్చు. ఇంగ్లీషు ‘హి’, ‘షి’ అని విడగొట్టేది సర్వనామంలో. జాగ్రత్తగా రాసే మైథిలీలో ఆడ మగ తేడా కనిపించేది గౌరవ రూపాల్లో: గేలాహ్, గేలీహ్. గౌరవం లేని ‘గేల్’ ఇద్దరికీ ఒకటే. తెలుగు దీనికి సరిగ్గా తలకిందులు. మనం ‘వెళ్లాడు’, ‘వెళ్లింది’ అని చనువులో తేడా చూపిస్తాం, ‘వెళ్లారు’ అనగానే తేడా చెరిగిపోతుంది. రెండు భాషలూ గౌరవాన్ని క్రియలోనే పెట్టుకున్నా, లింగాన్ని చెరో తలుపు దగ్గర కాపలా పెట్టాయి. ఈ ఒక్క వరుస కోసమైనా ఈ పోలిక చేయాలని నాకు అనిపిస్తుంది.

కర్మ ఉన్న క్రియకి వెళ్దాం. ‘కహబ్’ అంటే చెప్పడం.

హమ్ ఓకరా కహలియై: నేను వాడికి చెప్పాను
హమ్ తోరా కహలియౌ: నేను నీకు చెప్పాను
హమ్ హునకా కహలియని: నేను ఆయనకి చెప్పాను
హమ్ అహాఁ కేఁ కహలహుఁ: నేను మీకు చెప్పాను

కర్త నాలుగింట్లోనూ ‘నేనే’. అయినా క్రియ నాలుగుసార్లు మారింది. మారింది ఎవరి కోసం? విన్నవాళ్ల కోసం. చెప్పినవాడు ఎవరన్నదే కాదు, ఎవరికి చెప్పాడు, వాళ్లని ఎంత గౌరవిస్తున్నాడు అన్నది కూడా క్రియ చివర చేరింది. తెలుగు ఇంతదాకా రాదు, ‘చెప్పాను’ అంటే ‘చెప్పాను’ అంతే. ఇంగ్లీషు ‘టోల్డ్’ సంగతి అడగనే అక్కర్లేదు. ఇక్కడ మన కొలబద్ద చాలదు, మైథిలీ ఇంగ్లీషుకే కాదు తెలుగుకీ దూరం జరుగుతుంది. మనకి దగ్గరగా ఉందన్న ధీమాతో ఈ మలుపు దాటేయకండి.

హిందీ వచ్చినవాళ్లు తప్పు చేసేదీ ఇక్కడే. హిందీలో భూతకాలంలో కర్మ ఉన్న క్రియ వస్తే కర్తకి ‘నే’ తగిలించి, క్రియని కర్మకి సరిపెడతారు. మైథిలీలో ఆ ‘నే’ లేదు. హమ్ కహలియై, ఓ కహలక్, కర్త ఏ తొడుగూ లేకుండా నిలబడుతుంది. అయితే ‘ఓ గేల్’, ‘ఓ కహలక్’ అన్నవాటిని పక్కన పెట్టి చూడండి. కర్మ లేని క్రియకి చివర ఏమీ లేదు, కర్మ ఉన్నదానికి ‘అక్’ వచ్చింది. హిందీ కర్త దగ్గర చూపించే తేడాని మైథిలీ క్రియ దగ్గర చూపిస్తోంది.

అడుగు 5: ‘ఈజ్’ ఎక్కడికి పోయింది?

మూడు వాక్యాలు తీసుకోండి: ఇది నా పుస్తకం, పుస్తకం ఇంట్లో ఉంది, నేను మైథిలుణ్ణి. ఇంగ్లీషు మూడింట్లోనూ ‘ఈజ్’ లేదా ‘ఆమ్’ పెడుతుంది. తెలుగు మొదటిదాంట్లో ఏమీ పెట్టదు, రెండోదాంట్లో ‘ఉంది’ పెడుతుంది, మూడోదాంట్లో పేరుకే ‘ని’ తగిలిస్తుంది. మైథిలీలో ‘ఈ హమర్ పోథీ థిక్’, ‘పోథీ ఘర్ మే అఛి’, ‘హమ్ మైథిల్ ఛీ’. ఫలానాది ఫలానా అని తేల్చి చెప్పే మొదటి వాక్యంలో ‘థిక్’, ఉనికి చెప్పే రెండోదాంట్లో ‘అఛి’. ఈ గీత అన్నిచోట్లా గట్టిగా ఉండదు, ‘థిక్’ ఉండాల్సిన చోట మాటల్లో ‘అఛి’ కూడా వినిపిస్తుంది. కానీ మనం ఖాళీగా వదిలే చోట వాళ్లకి ఒక ప్రత్యేకమైన మాట ఉందని గుర్తించడం ముఖ్యం.

అడుగు 6: ‘నాకు’తో మొదలయ్యే వాక్యాలు

ఇంగ్లీషులో ఆకలి, ఇష్టం, తెలియడం, కలిగి ఉండటం అన్నీ ‘ఐ’తో మొదలవుతాయి, మనిషే అన్నీ చేస్తున్నట్టు. మైథిలీలో అవి మనిషి దగ్గరికి వస్తాయి.

హమరా భూఖ్ లాగల్ అఛి: నాకు ఆకలి వేసింది
హమరా బుఝల్ అఛి: నాకు తెలుసు
హమరా నీక్ లగైత్ అఛి: నాకు నచ్చుతుంది
హమరా దూ టా బేటా అఛి: నాకు ఇద్దరు కొడుకులు

తెలుగువాడికి ఈ అడుగు సెలవు రోజు లాంటిది. మన వాక్యంలో ‘నాకు’ తీసి ‘హమరా’ పెడితే దాదాపు చాలు. ఇంగ్లీషు నుంచి బయల్దేరితే ఇక్కడే ఎక్కువ తడబడతారు, ‘ఐ’ కనబడగానే ‘హమ్’ అని రాసేస్తారు.

అడుగు 7: ప్రశ్న, కాదనడం

ఇంగ్లీషు ప్రశ్న వేయాలంటే వాక్యాన్ని కదిలించాలి, సాయానికి ‘డూ’ని పిలవాలి. మైథిలీలో ‘అహాఁ జాయబ్’ (మీరు వెళ్తారు) అన్నదానికి ముందు ‘కీ’ పెడితే ‘కీ అహాఁ జాయబ్?’ ప్రశ్న అవుతుంది, గొంతు పైకెత్తినా అవుతుంది. ‘ఎక్కడ’, ‘ఏమిటి’ లాంటి మాటలు ముందుకి పరిగెత్తవు: ‘అహాఁ కతయ్ జాఇత్ ఛీ?’, మీరు ఎక్కడికి వెళ్తున్నారు? కాదనడానికి ‘నహి’ క్రియకి ముందు వస్తుంది, ‘హమ్ నహి జాయబ్’. తెలుగులో ‘వెళ్లను’ అని వ్యతిరేకం క్రియలోనే కరిగిపోతుంది కాబట్టి ఈ ఒక్క విషయంలో మైథిలీ మనకన్నా ఇంగ్లీషుకే దగ్గర. వద్దని వారించడానికి వేరే మాట ఉంది, ‘జుని’. ‘జుని జాఉ’ అంటే వెళ్లకండి.

అడుగు 8: రెండు వాక్యాలు కలిసినప్పుడు

ఒకే కర్త రెండు పనులు చేస్తే మైథిలీ మన క్త్వార్థకం (‘తిని’, ‘వెళ్లి’ లాంటి రూపం) లాంటిది వాడుతుంది: ‘ఓ భాత్ ఖా కఽ గేలాహ్’, ఆయన అన్నం తిని వెళ్లారు. ఇంగ్లీషు ‘అండ్’తో రెండు పూర్తి క్రియలు కలిపేస్తుంది. ఇక్కడ మైథిలీ, తెలుగు ఒక జట్టు.

తర్వాత జట్లు మారతాయి. నిన్న వచ్చిన కుర్రాడు నా తమ్ముడు అనాలి. తెలుగులో ‘వచ్చిన’ అనే ఒక్క మాటలో వాక్యమంతా ముడుచుకుని కుర్రాడి ముందు కూర్చుంది. ఇంగ్లీషులో ‘హూ’ పెట్టి కుర్రాడి వెనక తగిలిస్తారు. మైథిలీలో ‘జే ఛౌడా కాల్హి ఆయల్ ఛల్, సే హమర్ భాయ్ థిక్’. ‘ఏ కుర్రాడు నిన్న వచ్చాడో వాడు నా తమ్ముడు’ అన్నట్టు, జే అంటే సే అని జవాబిచ్చే జంట. ఈ జంటలు పేరుపేరునా రాసుకోండి: జఖన్, తఖన్ (ఎప్పుడైతే, అప్పుడు), జతయ్, తతయ్ (ఎక్కడైతే, అక్కడ), జఁ, తఁ (అయితే, అప్పుడు). ఒకటి దొరికితే రెండోదాని కోసం ముందుకి చూడాలి.

ఎవరో చెప్పిన మాట తిరిగి చెప్పేటప్పుడు ఇంకో చక్కని విషయం. ‘ఓ కహలని జే హమ్ కాల్హి ఆయబ్’. అక్షరాలా ‘ఆయన చెప్పారు, నేను రేపు వస్తాను అని’. వచ్చేది ఆయనే. ఇంగ్లీషులో ఆ ‘నేను’ ‘హి’గా మారాలి, కాలం కూడా ఒక మెట్టు వెనక్కి జరగాలి. తెలుగులోనూ ‘నేను రేపు వస్తానని చెప్పారు’ అని ఆయన గొంతునే ఉంచుతాం. తేడా ఒకటే: మన ‘అని’ మాట చివర వస్తుంది, వాళ్ల ‘జే’ ఇంగ్లీషు ‘దట్’ లాగా మాట మొదట వస్తుంది. ‘కాల్హి’ నిన్నకీ రేపటికీ ఒకటే అని గమనించారా? ‘ఆయల్ ఛల్’ పక్కన అది నిన్న, ‘ఆయబ్’ పక్కన రేపు. ఇక్కడ కూడా తేల్చేది క్రియే.

అడుగు 9: మాట్లాడేవాళ్లతో సరిచూసుకోండి

పుస్తకం మీద చేసిన పోలిక సగమే. ‘దీన్ని మైథిలీలో ఏమంటారు?’ అని హిందీలో అడిగితే హిందీ పోతపోసిన మైథిలీ వస్తుంది. నాకు మొదట్లో వచ్చిన వాక్యాలన్నీ అలాంటివే, ఒక పుస్తకం నిండా రాసుకుని కొట్టేయాల్సి వచ్చింది. వాక్యం ఇవ్వకండి, సందర్భం ఇవ్వండి. ‘మీ మాస్టారు ఒక పిల్లవాడికి రెండు పుస్తకాలు ఇచ్చారు, ఆ సంగతి ఇంట్లో ఎలా చెబుతారు?’ అని అడగండి. అప్పుడు ఇలాంటిది వస్తుంది: ‘మాస్టర్ సాహేబ్ నేనా కేఁ దూ టా పోథీ దేలథిన్’. ఇప్పుడు రెండో వరుస రాయండి. నేనా వెనక కేఁ, ఎందుకంటే పుచ్చుకున్నది మనిషి. పోథీ వెనక ఏమీ లేదు, ఎందుకంటే అది వస్తువు. అంకె వెనక టా. చివర ‘దేలథిన్’, ఇచ్చినవారి మీద గౌరవం, పుచ్చుకున్నది మూడో మనిషి అన్న సంగతి, రెండూ అందులోనే. ఇంగ్లీషు ‘గేవ్’ కింద రాయడానికి ‘ఇచ్చు, భూతకాలం’ తప్ప ఇంకేమీ మిగలదు.

అదే వాక్యాన్ని మాస్టారి బదులు తమ్ముడిని పెట్టి మళ్లీ అడగండి, తర్వాత పుచ్చుకున్నవాడి బదులు ‘నీకు’ అని పెట్టి అడగండి. ఒక్కోసారి ఒక్కటే మార్చండి. రాతలో ‘జాఇత్ అఛి’ అన్నది నోట్లో ‘జాఇ ఛై’ అయితే రెండూ రాసుకోండి, ఏది ఎక్కడ విన్నారో ఊరి పేరుతో సహా. దర్భంగా, మధుబని వైపు మాటకీ మిగతా జిల్లాల మాటకీ తేడా ఉంటుంది.

నా నోట్‌బుక్‌ని ఆ స్నేహితుడు ఒకసారి చదివాడు. ‘నీ కొడుకు వచ్చాడు’ అన్నదానికి నేను ‘తోహర్ బేటా ఆయల్’ అని రాశాను. తప్పనలేదు. పెన్ను తీసుకుని ‘ఆయల్’ కొట్టేసి పైన ‘అయలౌ’ అని రాశాడు. వచ్చింది కొడుకు కదా, క్రియలో ‘నువ్వు’ ఎందుకని అడిగాను. “కొడుకు నీవాడు కదా” అన్నాడు.